దుబాయ్‌లో పెరిగినా దుబాయ్ తెలియని పిల్లలు

దుబాయ్‌లో పుట్టి పెరిగిన మన పిల్లల్ని అక్కడి స్థానికుడైన ఒక్క ఎమిరాతీ స్నేహితుడి పేరు చెప్పమంటే చాలామంది తడుముకుంటారు. ఇంట్లో తెలుగు, బడిలో సీబీఎస్ఈ, సెలవురోజు మనవాళ్లు ఎక్కువగా ఉండే కరామా పేటలో టిఫిన్, సంక్రాంతికి ముగ్గుల పోటీ. వాళ్ల లోకం అంతవరకే.

ఇందులో తల్లిదండ్రులనే తప్పుపట్టలేం. యూఏఈలో స్థానిక పౌరులు పదిమందిలో ఒకరు, అటూఇటూగా. భారతీయులు మాత్రం దాదాపు మూడోవంతు. ఎమిరాతీ పిల్లలు మన సిలబస్ బడుల్లో దాదాపు కనిపించరు. అక్కడ పుట్టినంత మాత్రాన మనవాళ్లకు పౌరసత్వం రాదు, పిల్లలు ఉండేది అమ్మానాన్నల వీసా మీదే. అందుకే 'ఎప్పటికైనా వెళ్లిపోయేవాళ్లమేగా' అంటారు. అందులో సగం నిజం, సగం సాకు. పెద్దవాళ్లకు అది ఉద్యోగం చేసే చోటు కావచ్చు, పిల్లలకు మాత్రం అదే బాల్యం. (కరీంనగర్ నుంచో కోనసీమ నుంచో వెళ్లిన కూలీలకు ఈ బెంగ కూడా లేదు. కుటుంబాన్ని తెచ్చుకోవడానికి కావలసిన జీతమే వాళ్లలో చాలామందికి రాదు.)

బడి ఏం చేస్తోంది? ప్రైవేటు బడుల్లో అరబ్బులు కాని పిల్లలు కూడా తొమ్మిదో తరగతి వరకు అరబిక్ చదవాల్సిందే. అన్నేళ్లు చదివినా చాలామందికి మాట్లాడటం రాదు. నేర్పేది పుస్తకాల అరబిక్, స్థానికుల ఇళ్లలో వినిపించేది గల్ఫ్ యాస. పైగా మార్కుల టెన్షన్. వారానికి ఒక్క పీరియడైనా పుస్తకం మూసి, ఒక ఎమిరాతీ పెద్దాయనతో కబుర్లు చెప్పిస్తే చాలు. ముత్యాల కోసం సముద్రంలో మునిగినవాళ్ల కథలు, ఆ ముత్యాలు బొంబాయి వ్యాపారుల దాకా చేరిన వైనం, 1966 వరకు అక్కడ రూపాయే చెలామణీ అయిన సంగతి వింటే మన పిల్లలకు ఆ ఊరితో చుట్టరికం కలుస్తుంది.

డిసెంబర్ 2న, యూఏఈ జాతీయ దినోత్సవం నాడు, కందూరా (ఎమిరాతీ మగవాళ్ల పొడవాటి అంగీ) తొడిగి ఫొటోలు తీయడంతో ఈ చుట్టరికం రాదు. రంజాన్‌కు ముందు, షాబాన్ నెల మధ్యలో హఖ్ అల్ లైలా వస్తుంది. పిల్లలు సంచులు తగిలించుకుని, పాడుకుంటూ, ఇంటింటికీ వెళ్లి మిఠాయిలు అడుగుతారు. మన పిల్లలకు పెద్దగా వివరించక్కర్లేని పండుగ. పాత దుబాయ్‌లోని అల్ ఫహీదీ పేటలో, దుబాయ్ పాలకుడు షేక్ మొహమ్మద్ బిన్ రాషిద్ పేరిట 1998లో పెట్టిన సాంస్కృతిక అవగాహన కేంద్రం కూడా ఉంది. ఎమిరాతీలతో కలిసి కూర్చుని భోంచేస్తూ, మతం మీదా పెళ్లిళ్ల మీదా ఏ ప్రశ్నైనా అడగొచ్చు. టూరిస్టులు వెతుక్కుంటూ వస్తారు. ఏళ్లుగా అక్కడే ఉంటున్న మన కుటుంబాల్లో ఎందరు వెళ్లారు?

తెలుగు సంఘాలు తలచుకుంటే ఖర్చు లేని పని ఇంకోటుంది. ఉగాదికి వేదిక మీద శాలువా కప్పడానికి ఎవరో ఒక అధికారిని పిలుస్తారు. ఆ ఆహ్వానం పిల్లలున్న నాలుగు ఎమిరాతీ కుటుంబాలకు కూడా పంపి, వాళ్లను ముందు వరుసలో కాకుండా మన పిల్లల పక్కన, భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టొచ్చు.