డ్రోన్ రెక్కకు జాలీ ఏది?

మా పిన్ని కూతురి పెళ్లిలో హల్దీ రోజు డ్రోన్ ఎగరేసిన కుర్రాడికి పాతికేళ్లు కూడా ఉండవు. కింద అంతా పసుపు నీళ్లు, చెదిరిన బంతిపూలు, దించడానికి పొడి నేల లేదు. అలవాటు కొద్దీ చెయ్యి చాచి గాల్లోనే పట్టుకోబోయాడు. షామియానా సందులోంచి గాలి కొట్టి డ్రోన్ ఓ పక్కకి ఒరిగింది. అంతే, చూపుడువేలి మీద, మధ్యవేలి మీద పక్కపక్కనే మూడు గాట్లు. రక్తం వెంటనే రాలేదు. చర్మం తెల్లగా విచ్చుకుని, ఆ తర్వాత ఉబికింది. కర్చీఫు చుట్టుకుంటూ "ఏం కాదన్నా, చిన్నదే ఇది, పావుకిలో కూడా ఉండదు" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. బరువు తక్కువైతే కోతా తక్కువేనని ఆ కుర్రాడొక్కడే కాదు, మన నియమాలూ అనుకుంటున్నాయి.

ఒకసారి లెక్క వేసి చూద్దాం. ఈ చివర నుంచి ఆ చివరికి 23 సెంటీమీటర్లున్న రెక్క నిమిషానికి సుమారు 6000 సార్లు తిరిగితే, దాని కొస గంటకు 260 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. పావుకిలో లోపు డ్రోన్‌కు ఉండే 12 సెంటీమీటర్ల రెక్క చిన్నది కాబట్టి ఇంకా వేగంగా తిరగాలి. నిమిషానికి 10,000 సార్లు అనుకున్నా కొస వేగం గంటకు 225 కిలోమీటర్లు దాటుతుంది. కుర్రాళ్లు పందేలకు ఎగరేసే ఐదంగుళాల రెక్కలు నిమిషానికి 25,000 సార్లు తిరిగినప్పుడు ఆ వేగం 600 కిలోమీటర్లకు దగ్గరపడుతుంది. డ్రోన్ చిన్నదైనంత మాత్రాన రెక్క అంచు నెమ్మదించదు. బరువు చెప్పేది ఆ డ్రోన్ నెత్తిన పడితే దెబ్బ ఎంత అని మాత్రమే.

2015లో మెక్సికోలోని టిహువానాలో కచేరీ చేస్తూ గాయకుడు ఎన్రికే ఇగ్లేసియాస్ తన మీద తిరుగుతున్న డ్రోన్‌ను చేత్తో పట్టుకోబోయి వేళ్లు కోసుకున్నాడు, తర్వాత శస్త్రచికిత్స చేయాల్సి వచ్చింది. ఆయనది పెద్దవాడు కోరి చేసిన పని. అదే ఏడాది ఇంగ్లండ్‌లోని వూస్టర్‌షైర్‌లో జరిగింది తలుచుకుంటే మాత్రం మనసు పాడవుతుంది. తెలిసిన కుటుంబం వాళ్లే పెరట్లో ఎగరేసిన డ్రోన్ చెట్టుకు తగిలి అదుపు తప్పింది. పక్కనే ఉన్న ఏడాదిన్నర బాబు కంటికి రెక్క కొస తగిలింది. ఆ కన్ను ఇక దక్కలేదు. రెండు చోట్లా డ్రోన్ ఆకాశంలోంచి ఊడిపడలేదు. మనిషి చేతికి, ముఖానికి అందేంత కింద ఉంది. పెళ్లిళ్లలో డ్రోన్లు తిరిగే ఎత్తూ అదే.

మన దేశంలో 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు డ్రోన్లను బరువును బట్టి విడదీశాయి. 250 గ్రాముల లోపుది నానో. దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, థర్డ్ పార్టీ బీమా అక్కర్లేదు. అమెరికాలోనూ 250 గ్రాముల గీత ఉంది. కానీ 2021లో జనం మీదుగా ఎగరేయడానికి అనుమతిస్తూ అక్కడ ఇంకో షరతు కలిపారు: చర్మాన్ని కోయగలిగేలా తిరిగే భాగాలు బయటికి ఉండకూడదు. ఆ షరతు ఊరికే రాలేదు. అక్కడి విమానయాన సంస్థ కోసం విశ్వవిద్యాలయాలు చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. మీద పడినప్పుడు తగిలే మొద్దు దెబ్బ, గుచ్చుకోవడం, కోత, ఈ మూడింటినీ వేర్వేరు గాయాలుగా చూసి, జనం మీదుగా ఎగిరేవాటి రెక్కలకు గార్డులు, అంటే చుట్టూ జాలీలాంటి అడ్డు, ఉండాలని అది సూచించింది.

మన దగ్గర ఈ గీత గార్డుకే అడ్డం పడుతోంది. 249 గ్రాముల డ్రోన్‌కు గార్డులు బిగిస్తే బరువు 250 దాటిపోతుంది. నానో కాస్తా మైక్రో అవుతుంది. పెళ్లిళ్లకు డబ్బు తీసుకుని ఎగరేసే కుర్రాడికి అప్పుడు పైలట్ సర్టిఫికెట్ కావాలి, బీమా కావాలి. రక్షణ పెట్టుకున్నవాడి మీద భారం పెరుగుతోంది, పీకేసినవాడు హాయిగా ఉంటున్నాడు. పైగా గార్డు ఉంటే బ్యాటరీ త్వరగా అయిపోతుంది, గాలికి నిలవదు. ఆ కుర్రాళ్లను నేను తప్పు పట్టలేను. గార్డు బరువును లెక్కలోంచి తీసేయడం, జనం మధ్య ఎగరేసే ఏ డ్రోన్‌కైనా గార్డు తప్పనిసరి చేయడం పౌర విమానయాన శాఖ చేతిలో పని. జాలీ లేని టేబుల్ ఫ్యాన్‌ను పసిపిల్లలున్న ఇంట్లో ఎవరూ ఆన్ చేయరు కదా.

పక్షుల సంగతి ఇంకోలా ఉంటుంది. గద్ద పైనుంచి వచ్చి డ్రోన్‌ను కాళ్లతో తంతుంది, ఆ కాళ్లు నేరుగా డ్రోన్ రెక్కల్లోకే వెళ్తాయి. డ్రోన్లను పట్టడానికి గద్దజాతి పక్షులను పెంచిన ఫ్రాన్స్ వైమానిక దళం వాటి గోళ్లకు తోలుతో, కెవ్లార్ అనే గట్టి నారతో తొడుగులు చేయించే పని పెట్టుకుంది. మన తెలంగాణ పోలీసులు కూడా గరుడ దళం పేరుతో మొయినాబాద్‌లో గద్దలకు ఇదే విద్య నేర్పారు. వాటి కాళ్లకూ అలాంటి తొడుగులు ఉండి తీరాలి. అయితే నిజం చెప్పుకోవాలి. సంక్రాంతికి మాంజా తెగ్గోసే పక్షులతో పోలిస్తే డ్రోన్ రెక్కకు తెగేవి తక్కువే. పక్షులకు డ్రోన్ చేసే పెద్ద కీడు రెక్క తగలకుండానే జరుగుతుంది.

2021 మే నెలలో కాలిఫోర్నియాలోని బోల్సా చీకా చిత్తడి నేలలో, పక్షులు గూళ్లు పెట్టే దిబ్బ మీద ఒక డ్రోన్ కూలింది. దాదాపు 3000 టెర్న్ అనే సముద్రపు పక్షులు ఏదో వేటగాడు వచ్చాడనుకుని లేచిపోయాయి, తిరిగి రాలేదు. ఇసుకలో కనీసం 1500 గుడ్లు పొదిగేవాళ్లు లేక మిగిలిపోయాయి. అక్కడ రెక్క తగిలి ఒక్క ఈక కూడా తెగలేదు.

అన్ని పక్షులూ ఇలా బెదిరిపోవు. దక్షిణ ఫ్రాన్స్‌లో ఫ్లెమింగోలు, బాతుల మీద చేసి 2015లో ప్రచురించిన పరిశోధనలో, నూటికి ఎనభైసార్లు డ్రోన్ నాలుగు మీటర్ల దగ్గరకు వెళ్లినా అవి పైకి ఏమీ చలించలేదు. నెత్తి మీద నుంచి నిటారుగా దిగితేనే ఎక్కువ బెదిరాయి. పులికాట్ ఫ్లెమింగోలను నడినెత్తి మీద నుంచి తీయాలని తహతహలాడే మిత్రులు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. గూళ్ల కాలంలో అయితే అసలు దగ్గరికే పోకూడదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చింతచెట్ల మీద కొంగలు, గూడబాతులు పిల్లల్ని పెంచే నెలల్లో, ఆ పక్షులు రావడం ఊరికి మంచిదని నమ్మే జనం వాటి జోలికి పోరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా ఇదే మాట చెబుతుంది. 'వేట' అంటే ఏమిటో చెబుతూ, గుడ్లనూ గూళ్లనూ కదిలించి చెదరగొట్టడాన్ని కూడా అది వేటలోనే చేర్చింది.