ముప్పై దాటినవాడిని ఎవరూ అడగరు, మీరు అడగండి

బాస్కెట్‌బాల్ జీఎం అనే ఆటలో ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) కోసం వాట్సాప్‌లో వచ్చే మెసేజీలు గమనించండి. "బావా, ఆ పందొమ్మిదేళ్ల గుంటడిని ఇచ్చెయ్, రెండు ఫస్ట్ రౌండ్ పిక్కులు ఇస్తాను." పిక్కు అంటే కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక వంతు. అదే జట్టులో ముప్పై ఒక్కేళ్లవాడు ఓవరాల్ (మొత్తం సత్తాకు ఆట వేసే మార్కు) 52తో బెంచీ మీద కూర్చుని ఉంటాడు. వాడిని అడిగే నాథుడు ఉండడు. మన ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ లీగుల్లో టైటిళ్లు ఎక్కడ చేజారుతున్నాయో తెలియడానికి ఆ ఒక్క మెసేజీ చాలు.

బాస్కెట్‌బాల్ జీఎం అంటే మేనేజరుగా జట్టును నడిపే కంప్యూటర్ ఆట, ఆడేవాళ్లకు నేపథ్యం చెప్పనక్కర్లేదు. ముప్పై జట్లు, జట్టుకు గరిష్ఠంగా పదిహేను మంది, 82 మ్యాచ్‌ల సీజన్, పైన సాలరీ క్యాప్, అంటే జీతాల మొత్తానికి పరిమితి. విజయనగరంలో ఒకడు, పలాసలో ఒకడు, ఉద్యోగానికని హైదరాబాద్ వెళ్లిన రాజాం కుర్రాడు ఒకడు తలా ఒక జట్టు పట్టుకుంటారు. కమిషనర్‌గా ఉన్నవాడు రాత్రికి సిమ్యులేషన్ నడిపి ఫైలు పంపిస్తాడు. గొడవలన్నీ ఆ తర్వాతే.

ఈ ఆట కోడ్ రహస్యమేమీ కాదు, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. జట్టు బలాన్ని ఎలా కడుతుందో అందులోనే ఉంది. గాయాలు లేనివాళ్లను ఓవరాల్ ప్రకారం వరుసలో పెట్టి, మొదటి పది మందినే లెక్కలోకి తీసుకుంటుంది. మొదటివాడి ఓవరాల్ ఒక్కటి పెరిగితే జట్టుకు మ్యాచ్‌కి 0.44 పాయింట్ల ఆధిక్యం. ఒక్కో మెట్టు దిగేకొద్దీ ఆ విలువ 17 శాతం చొప్పున కరుగుతుంది. రెండోవాడికి 0.37, ఐదోవాడికి 0.21, ఎనిమిదోవాడికి 0.12, పదోవాడికి 0.08.

చాలామంది ఇక్కడిదాకా చదివి, "చూశావా, పైవాడే ముఖ్యం" అని పుస్తకం మూసేస్తారు. కూడిక చేసి చూడరు. మీ రెండో ఆటగాడిని 58 నుంచి 66కి మార్చుకున్నారనుకోండి. ఎనిమిది ఇంటూ 0.37, అంటే మ్యాచ్‌కి 2.9 పాయింట్లు. అదే ఐదు, ఆరు, ఏడు, ఎనిమిదో స్థానాల్లో ఉన్న నలుగురు 42లను తీసేసి నలుగురు 50లను పెట్టండి. ఆ నాలుగు స్థానాల విలువలు కలిపితే 0.63, ఎనిమిదితో గుణిస్తే 5.1 పాయింట్లు. మ్యాచ్‌కి ఒక పాయింటు ఆధిక్యం 82 మ్యాచ్‌ల సీజన్‌లో రమారమి రెండున్నర గెలుపులు తెస్తుంది. మొదటి దారిలో ఏడు గెలుపులు, రెండో దారిలో పన్నెండుకు పైనే. పైగా 66 ఉన్నవాడు గరిష్ఠ జీతానికి దగ్గరగా అడుగుతాడు, అది క్యాప్‌లో దాదాపు మూడో వంతు. ఆ నలుగురూ ముప్పై దాటినవాళ్లయితే, ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్టు లేనివాళ్లను కొనుక్కునే గడువు) ముప్పై రోజుల్లో చివరి వారం దాకా ఓపిక పడితే, అందరికీ కలిపి అంతలో సగం కూడా పెట్టనక్కర్లేని సందర్భాలు బోలెడు.

నిజమైన సూపర్‌స్టార్ సంగతి వేరు. 75 దాటినవాడికి కూడా గరిష్ఠ జీతం మించి ఇవ్వడానికి నిబంధన ఒప్పుకోదు కాబట్టి, అతడి విలువ ఎంతైనా ధర అక్కడే ఆగిపోతుంది. అలాంటివాడు దొరికితే వదలొద్దు. అసలు దండగ ఖర్చు 58, 60 దగ్గర ఉండి, మ్యాచ్‌కి ఇరవై పాయింట్లు కొడుతూ, సూపర్‌స్టార్ జీతం అడిగేవాడు. మన లీగుల్లో అందరూ ఎగబడేది వాడి మీదే. పాయింట్ల కాలమ్ కంటికి ముందు కనిపిస్తుంది మరి.

ఇక పందొమ్మిదేళ్లవాడి పొటెన్షియల్, అంటే ముందుముందు ఎంతదాకా ఎదుగుతాడన్న అంకె. అది ఆట వేసే అంచనా, హామీ కాదు. ఏటా ఎదుగుదలలో పాచికలాటే ఎక్కువ. దానికి తోడు సెట్టింగుల్లో ఫజ్ ఆపేయకపోతే, మనకు కనిపించే అంకె అసలు అంకె కాదు. ఆట దానికి కొంత మసక కలిపి చూపిస్తుంది. డ్రాఫ్ట్‌కి వచ్చే కుర్రాళ్ల విషయంలో ఆ మసక ఎక్కువ, లీగులో ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. అంటే 31 ఏళ్లవాడి 52 దాదాపు 52నే. 19 ఏళ్లవాడి 45/70లో (ఓవరాల్ 45, పొటెన్షియల్ 70) రెండు అంకెలూ అనుమానమే. పూత చూసి మామిడి తోట కొనే వ్యాపారి కనీసం ధర తగ్గించి బేరమాడతాడు, తేనెమంచు పురుగు పడితే నష్టం తనదేనని తెలుసు. మన జీఎంలు పూత చూసి పండు ధర కడుతున్నారు.

అయితే 30 దాటిన ప్రతి 50నీ ఎత్తుకొచ్చేయమని కాదు. ఓవరాల్ ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. ప్రొఫైల్ తెరిస్తే పదిహేను రేటింగులు కనిపిస్తాయి. వేగం, ఎగిరే శక్తి ఇరవైల చివర్లోనే జారడం మొదలవుతాయి, ముప్పై దాటాక ఇంకా గట్టిగా జారుతాయి. మూడు పాయింట్ల షాట్, ఫ్రీ త్రో, దాడిలో తెలివి, రక్షణలో తెలివి మాత్రం ఇంకొన్నేళ్లు నిలబడతాయి. పొడుగు ఎక్కడికీ పోదు. కాబట్టి ఎగురుడు మీద 50 తెచ్చుకున్నవాడు వచ్చే ఏడాది 45, షాట్ మీద, తెలివి మీద తెచ్చుకున్నవాడు 49. చూడ్డానికి ఇద్దరూ ఈరోజు ఒకే ధర.

ఆ తర్వాత పేరు పక్కన ఉండే స్కిల్ గుర్తులు. 3 అంటే దూరం నుంచి కొట్టేవాడు, బీ అంటే బంతి నడిపేవాడు, పీఎస్ పాస్ ఇచ్చేవాడు, పీఓ పోస్ట్‌లో స్కోర్ చేసేవాడు, డీఐ, డీపీ లోపలా బయటా కాపు కాసేవాళ్లు, ఆర్ రీబౌండ్లు పట్టేవాడు. ఇవి కోర్టు మీద కలిసినప్పుడు సినర్జీ, అంటే ఒకరి ఆటకు ఇంకొకరిది కలిసొచ్చే లాభం, వస్తుంది. జట్టులో ఒక్కడే షూటర్ ఉంటే పెద్దగా కలిసిరాదు. రెండో షూటర్, మూడో షూటర్ చేరేటప్పుడు ఫలితం ఒక్కసారిగా పెరుగుతుంది. ఇది జట్టు ఓవరాల్ లెక్కలో కనిపించదు, మ్యాచ్‌లో కనిపిస్తుంది. ఏ గుర్తూ లేని 53 కన్నా 3, డీపీ రెండూ ఉన్న 50 నయమని నేను మొండిగా వాదిస్తాను.

ఎప్పుడు కొనాలన్నదే అన్నిటికన్నా పెద్ద కిటుకు. రేటింగులు మారేది ప్రీసీజన్ (మ్యాచ్‌లకు ముందరి దశ) మొదలైన క్షణాన. ఫ్రీ ఏజెన్సీ దానికంటే ముందే అయిపోతుంది. అంటే ఫ్రీ ఏజెన్సీలో ముసలోడిని కొన్నవాడు ఆ ఏడాది దిగజారుడు రిస్క్ మొత్తం తన నెత్తినే వేసుకుంటాడు. రోస్టర్‌లో (జట్టు జాబితాలో) రెండు మూడు ఖాళీలు ఉంచుకుని, ప్రీసీజన్ రాగానే మిగిలిపోయిన ఫ్రీ ఏజెంట్ల జాబితా మళ్లీ తెరవండి. వయసు 29 నుంచి 33 పెట్టి, ఓవరాల్ ప్రకారం వరుస చేయండి. నిన్న 46 ఉన్నవాడు ఇవాళ 50 అయి కూర్చుంటాడు, ధర కూడా కిందికి దిగే ఉంటుంది. మిగతావాళ్లు అప్పటికి ఆ పేజీ మూసేసి తమ డ్రాఫ్ట్ కుర్రాడి పొటెన్షియల్ ఎంత పెరిగిందో చూసుకుంటూ ఉంటారు. ఫైలు రాగానే బేగి చూడండి, ఒక్క పూట ఆలస్యమైతే ఇంకొకడు కూడా తెలివి తెచ్చుకోవచ్చు.

రెండో అదను సీజన్ మధ్యలో. కంప్యూటర్ నడిపే జట్లలో రీబిల్డింగ్ (జట్టును మళ్లీ కట్టుకుంటున్నది) అని రాసి ఉన్నవి 29 దాటినవాళ్లకు విలువ బాగా తగ్గించి కడతాయి, పిక్కులకు కొంచెం ఎక్కువ కడతాయి. రెండో రౌండ్ పిక్కు ఒకటి పడేస్తే ఓవరాల్ 51 వచ్చేస్తుంది. మనుషులు నడిపే జట్లలో కూడా ఇంచుమించు ఇదే తంతు, వరసగా పది ఓడినవాడు ఎవరినైనా వదిలించుకుంటాడు.

బెడిసికొట్టేది ఎక్కువగా కాంట్రాక్టు దగ్గర. చవగ్గా వస్తున్నాడు కదా అని 32 ఏళ్లవాడికి మూడేళ్లు రాసిస్తారు. రెండో ఏట వాడు 44 అవుతాడు. తీసేసినా కాంట్రాక్టు తీరేదాకా ఆ జీతం మీ క్యాప్ మీదే కూర్చుంటుంది. ఒక్క ఏడాదికి మించి రాయొద్దు, వాడు అందుకు కొంచెం ఎక్కువ అడిగినా సరే. రెండో తప్పు, ఎనిమిది మందినీ ముసలోళ్లనే తెచ్చుకుని మీద సూపర్‌స్టార్ లేకపోవడం. అలాంటి జట్టు 45 గెలిచి ప్లేఆఫ్ మొదటి రౌండ్‌లో ఇంటికి వస్తుంది.

ఇరవై సీజన్లు నడిచే లీగులో కుర్రాళ్ల మీద పెట్టినవాడే చివరికి గెలుస్తాడని వాదించేవాళ్లున్నారు. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది, సూపర్‌స్టార్ పుట్టేది డ్రాఫ్ట్‌లోనే. కానీ పదిమంది పొటెన్షియల్ కుర్రాళ్లను మేపితే ఒకడు తేలతాడు, తేలే లోపల ఐదు సీజన్లు పోతాయి. ఆ ఒక్కడి కోసం మిగతా తొమ్మిది మందికి కట్టిన ధర ఎవరూ లెక్క రాయరు.

అసలు అమెరికా లీగ్ ఎన్‌బీఏ మాత్రం ఇందుకు భిన్నంగా ఉందా? 2014 డ్రాఫ్ట్‌లో నికోలా జోకిచ్‌ను డెన్వర్ 41వ స్థానంలో తీసుకుంది. అప్పుడతడికి 19 ఏళ్లు. పేరు ప్రకటించే సమయానికి టీవీలో వాణిజ్య ప్రకటన నడుస్తోంది. తర్వాత మూడు ఎంవీపీలు (సీజన్ ఉత్తమ ఆటగాడి అవార్డులు), 2023లో టైటిల్. పందొమ్మిదేళ్లవాడిని చదవడం నిపుణులకే అంత కష్టం. ఇంకో వైపు పీజే టక్కర్. 2006లో 35వ పిక్, లీగ్ వదిలేస్తే ఇజ్రాయెల్, ఉక్రెయిన్, గ్రీస్, ఇటలీ, జర్మనీ తిరిగాడు. 2012లో వెనక్కి వచ్చాడు. 2021లో మిల్వాకీ టైటిల్ గెలిచినప్పుడు అతడికి 36. ఆ ప్లేఆఫ్స్‌లో సగటు ఐదు పాయింట్లు కూడా లేవు, ప్రత్యర్థి స్టార్ కెవిన్ డ్యూరాంట్‌ను కాపు కాసే పని మాత్రం అతడిదే. పాయింట్ల కాలమ్ చూసి కొనే జీఎం కంటికి అతడు ఆనడు.

ఇదంతా ఫోన్లో ఆటే కదా అనుకోవచ్చు. కానీ ఇదే కళ్లజోడు పెట్టుకుని మన జిల్లా సెలక్షన్లు చూడండి. అండర్-14 ట్రయల్స్‌లో వరుసలో నిలబెట్టి ముందు చూసేది పొడుగు. కటాఫ్ తేదీకి ఆనుకుని పుట్టినవాడికీ, పదకొండు నెలల తర్వాత పుట్టినవాడికీ ఆ వయసులో ఒళ్లూ బలమూ పోలికే ఉండదు. పెద్దవాడు ఎంపికవుతాడు, కోచింగ్ దొరుకుతుంది, మరుసటి ఏడాదికి నిజంగానే మెరుగవుతాడు. ఎంపిక సరైనదే అనిపిస్తుంది. 1980లలో కెనడా ఐస్ హాకీలో తేల్చిన లెక్క ఇదే. మన ఊళ్లలో ఇంకో మెలిక, హెడ్మాస్టరు బడిలో చేర్చుకునేటప్పుడు రాసిన జూన్ నెల పుట్టినరోజులు. అసలు వయసే తెలియని చోట పొడుగును ప్రతిభ అనుకుంటున్నాం.

పదిహేడుకి పొడుగు వచ్చేవాడు, ఇరవై మూడుకి ఆట వచ్చేవాడు ఎక్కడికి పోతున్నాడు? అండర్-19 దాటాక మన జిల్లాల్లో ఆడుకోవడానికి టోర్నమెంటు దొరకడం కష్టం. కానిస్టేబుల్ పరీక్షకో, విశాఖలో పనికో పోతాడు. అదే వెయిట్‌లిఫ్టింగ్ చూడండి. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 1994, 95లలో ప్రపంచ ఛాంపియన్, అది 54 కిలోల విభాగం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కి 69 కిలోల విభాగంలో వెళ్తుంటే ఎంపిక మీదే రగడ. రెండు ఎత్తుల్లో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, స్వర్ణానికి రెండున్నర కిలోల దూరం. నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ నుంచి వచ్చిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. ఆ ఊళ్లో బార్బెల్ అందరికీ అందుతుంది, ఎంత ఎత్తారన్నది కాగితం మీద పడుతుంది. పొడుగు, వాలకం చూసి ఎవరూ మార్కులు వేయరు.

బాస్కెట్‌బాల్‌కు అలాంటి కాగితం తయారు చేయడం కష్టమేం కాదు. విజయనగరం విజ్జీ స్టేడియంలో అయినా, శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో అయినా, జిల్లా మ్యాచ్ స్కోరు పుస్తకంలో పాయింట్లు, ఫౌళ్లు తప్ప ఇంకేం రాయరు. నాలుగు గళ్లు అదనంగా గీయించండి: వేసిన షాట్లు, పడిన షాట్లు (మూడు పాయింట్లవి విడిగా), పోగొట్టిన బంతులు, అవతలి రింగు కింద పట్టిన రీబౌండ్లు. పడిన షాట్లకు మూడు పాయింట్ల షాట్లలో సగం కలిపి, వేసిన షాట్లతో భాగిస్తే అసలు సామర్థ్యం తేలుతుంది. ఇరవై షాట్లు వేసి ఎనిమిది పడి, అందులో రెండు దూరం నుంచి కొట్టినవాడికి 18 పాయింట్లు, సామర్థ్యం 45 శాతం. ఆరు వేసి మూడు పడి, మూడూ దూరానివే అయినవాడికి 9 పాయింట్లు, 75 శాతం. ఇప్పుడు జిల్లా జట్టులోకి వెళ్లేది మొదటివాడు. రెండోవాడి పేరు సెలెక్టర్ దాకా కూడా పోదు.

గళ్లు నింపడానికి పీఈటీ మాస్టారికి తీరిక లేకపోతే బెంచీ మీదున్న కుర్రాడికి పెన్ను ఇవ్వండి. మ్యాచ్ అయ్యాక పేజీని ఫోన్‌తో ఫొటో తీసి ఉంచండి. సీజన్‌కి పది మ్యాచ్‌ల పేజీలు ఉంటే సెలెక్టర్ల ముందు పెట్టడానికి సరిపోతాయి.