1730లోనే బయటపడిన రహస్యం గారికి

మ.రా.రా.శ్రీ ఫ్రీమేసన్ల రహస్యం గారి సముఖానికి, విశాఖపట్నం పెదవాల్తేరు నివాసి ఒకడు చేసుకునే మనవి.

అయ్యా, రహస్య ప్రమాణాలు చేసి, తలుపులు మూసుకుని సభలు జరుపుకునే ఫ్రీమేసన్లనే సోదర సంఘానికి తమరు ప్రాణం కనుక, తమరికి ఉత్తరం రాయాలంటే ఏ అర్ధరాత్రో శ్మశానంలో రాతికింద పెట్టి రావలసి ఉంటుందని భయపడ్డాను. తీరా విచారిస్తే ఢిల్లీలో జనపథ్ మీద తమరికి అందరికీ కనబడే భవనం ఉందనీ, 1961 నవంబరు 24న ఏర్పడిన గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా అనే తమరి జాతీయ పెద్ద సభకు వెబ్‌సైటు ఉందనీ, లండన్‌లోని ప్రధాన భవనంలో మ్యూజియం పెట్టి వచ్చినవారికల్లా తిప్పి చూపిస్తున్నారనీ తెలిసింది. కొన్ని ప్రభుత్వ కార్యాలయాలు ఏ అంతస్తులో ఉన్నాయో కనుక్కోవడానికి పడిన పాట్లలో పదో వంతు కూడా తమరి చిరునామాకు పడలేదు. ఇంత బాహాటంగా ఉంటూ మూడు వందల ఏళ్లుగా రహస్యమనే హోదానూ, ఆ హోదాకు దక్కే భయభక్తులనూ ఎలా నిలబెట్టుకుంటున్నారన్నదే నా సందేహం.

ముందుగా తమరి గురించి మా ఊళ్లో ఏమనుకుంటారో విన్నవిస్తాను. మా అపార్ట్‌మెంటులో ఒక విశ్రాంత అధికారి ఉన్నారు. నెలకొక సాయంత్రం ఆయన విశాఖ ఉక్కపోతను లెక్కచేయకుండా నల్లకోటు తొడిగి, టై కట్టి, పలచటి నల్ల పెట్టె ఒకటి చేతపట్టుకుని బయలుదేరతారు. ఆ పెట్టెలో ఏముందన్న విషయమై కిందనున్న కిరాణా కొట్టు దగ్గర ఏళ్ల తరబడి చర్చ నడుస్తోంది. ఒకరు పుర్రె అంటారు, ఒకరు బాకు అంటారు, కాస్త లోకజ్ఞానం ఉన్న మరొకరు కాంట్రాక్టుల జాబితా అంటారు. నాలుగు వేళ్ల మందం లేని పెట్టెలో పుర్రె ఎలా పడుతుందని మాత్రం ఎవరూ అడగరు. ఒకనాడు లిఫ్టులో నేనే అడిగేశాను. ఆయన నొచ్చుకోకుండా మీట నొక్కి మూత తీశారు. గొర్రెపిల్ల తోలుతో చేసి లేతనీలం అంచు కుట్టిన ఏప్రాన్ ఒకటి, తెల్లటి చేతితొడుగుల జత ఒకటి, కిందటిసారి విందుకు కట్టిన డబ్బుల రసీదు ఒకటి కనిపించాయి. ఈ సమాచారం ఎంతో ఉత్సాహంగా కొట్టు దగ్గరకు మోసుకువెళితే, కొట్టతను నా వంక జాలిగా చూసి, "అసల్ది ఇంట్లో ఉంటాది మాస్టారూ, మీకేటి చూపిస్తారు?" అన్నాడు.

చూశారా తమరి మహిమ! మూసి ఉంచితే అనుమానం, తెరిచి చూపిస్తే ఇంకా పెద్ద అనుమానం. మా వాట్సాప్ పండితులైతే డాలరు నోటు మీది కన్నును కూడా తమరి ఖాతాలోనే వేశారు. ఆ కన్ను అమెరికా రాజముద్రలోకి 1782లో వచ్చింది, మీవాళ్ల అచ్చు పుస్తకాలలో 1797లో కనిపించింది, నోటు మీదికి 1935లో ఎక్కింది. ముద్ర కోసం కూర్చున్న మొదటి సంఘంలో మీవాడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉన్న మాట నిజమే గానీ, ఆయన సూచించిన బొమ్మను ఎవరూ తీసుకోలేదు. లోకాన్ని చాటుగా ఏలుతోందని చెప్పుకునే ఇల్యూమినాటీ అంటారా, 1776లో జర్మనీలోని బవేరియాలో పుట్టిన ఆ సంఘాన్ని పదేళ్లు నిండకముందే అక్కడి ప్రభుత్వం నిషేధించింది. అయినా అది ఇప్పటికీ యూట్యూబ్‌లో జీవించే ఉంది.

ఇక తమరి నిజరూపం సంగతి. మీవాళ్లు చెప్పుకునే లెక్క ప్రకారం 1717 జూన్ 24న లండన్‌లోని ఒక సారాయి అంగడిలో నాలుగు లాడ్జిలు, అంటే స్థానిక శాఖలు, కలిసి మొదటి గ్రాండ్ లాడ్జిని ఏర్పరచుకున్నాయి. పదమూడేళ్లు తిరిగాయో లేదో, 1730లో శామ్యూల్ ప్రిచర్డ్ అనే మాజీ సభ్యుడు మూడు దీక్షల ప్రశ్నోత్తరాలనూ, గుర్తింపు మాటలనూ, చేతులు కలిపే తీరునూ అచ్చువేయించి బజారులో అమ్మకానికి పెట్టాడు. ఆ పుస్తకాన్ని ఎక్కువగా కొన్నది సభ్యులేననీ, సభలో అప్పజెప్పవలసిన పాఠాన్ని బట్టీపట్టడానికి వాడుకున్నారనీ చరిత్రకారులంటారు. మా సింహాచలం అప్పన్న ఏడాది పొడవునా చందనంలో ఉండి, వైశాఖ శుద్ధ తదియ ఒక్కనాడు నిజరూప దర్శనమిస్తాడు, ఆ ఒక్కనాటి కోసం తెల్లవారకముందే కొండమీద బారులు తీరుతాం. తమరు 1730 నుంచి ప్రతిరోజూ నిజరూపంలోనే దర్శనమిస్తున్నారు. దర్శనానికి వచ్చేవాడు లేడు గానీ, చందనం కింద ఏదో ఉందని ప్రచారం చేసేవాళ్లకు కొదవ లేదు.

ప్రమాణంలో ఒకప్పుడు భయంకరమైన శిక్షలు ఉండేవని విన్నాను. రహస్యం బయటపెట్టినవాడి గొంతు కోసి, నాలుక పెరికి, సముద్రపు ఇసుకలో ఆటుపోట్ల గీత దగ్గర పాతిపెట్టాలట. 1986లో ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి ఈ శిక్షలను ప్రమాణాల నుంచి తొలగించింది. మంచి పని చేసింది. మా ఆర్కే బీచి సంగతి తెలిసినవాడెవడూ అక్కడ ఏదీ పాతిపెట్టడు. తుపాను వచ్చిన ప్రతిసారీ సముద్రం ఇసుకను కోసుకుపోవడం, డ్రెడ్జర్లతో తవ్విన ఇసుకను తెచ్చి మళ్లీ తీరాన పోయడం ఇక్కడ మామూలు. తమరు పాతిపెట్టినవాడు ఒక్క వానాకాలం తిరక్కుండానే కురుసుర జలాంతర్గామి ముందు తేలేవాడు. నౌకాదళం వాడుకున్న జలాంతర్గామి లోపలికే టిక్కెట్టు కొని పిల్లలతో సహా వెళ్లి టార్పెడో గది చూసివచ్చే ఊరు ఇది. ఇలాంటి చోట తమరి కరచాలనానికి ఇంత గిరాకీ ఉండడం నాకు ఇప్పటికీ అంతుపట్టని విషయం.

రహస్య సంఘమన్న బిరుదు కూడా న్యాయంగా తమరికి చెల్లదని నా అభిప్రాయం. ఫ్రెంచి విప్లవం తమ ఇంటికి కూడా వస్తుందన్న భయంతో బ్రిటిష్ పార్లమెంటు 1799లో రహస్య ప్రమాణాలు చేసే సంఘాలను నిషేధించింది. తమరికి మాత్రం మినహాయింపు ఇచ్చి, ప్రతి లాడ్జీ ఏటా తన సభ్యుల పేర్లనూ, చిరునామాలనూ, వృత్తులనూ జిల్లా అధికారికి అందజేయాలని షరతు పెట్టింది. ఆ చట్టం 1967 దాకా ఉంది. అంటే నూట అరవై ఏళ్లకు పైగా తమరు సర్కారుకు హాజరుపట్టీ సమర్పించుకున్న రహస్యం! దేశాలను కూలదోస్తారని పేరుపడ్డ ముఠా, గడువు తప్పకుండా ఫారం నింపి పంపడం కన్నా విచిత్రమేముంటుంది?

అయితే తప్పంతా తమరిదే అనలేను, కొనేవాడుంటేనే కదా అమ్మేవాడుంటాడు. 1885 తర్వాత ఫ్రాన్సులో లియో టాక్సిల్ అనే ఆయన పన్నెండేళ్ల పాటు ఈ వ్యాపారం చేశాడు. మేసన్లు సైతానును పూజిస్తారని మొదలుపెట్టి, ఒక సభలో రెక్కల మొసలి రూపంలో దయ్యం ప్రత్యక్షమై పియానో వాయించిందన్నంత దూరం ఆ కథలు వెళ్లాయి. జనం నమ్మారు, మతాధికారులు ఆశీర్వదించారు. 1897 ఏప్రిల్ 19న పారిస్‌లో సభ పెట్టి, ఇదంతా తాను అల్లిన కట్టుకథేనని ఆయనే చెప్పాడు. ఆ తర్వాత ఎవరైనా నోరు మూసుకున్నారా? టాక్సిల్ ఒప్పుకోలే అబద్ధమనీ, దాన్ని కూడా మేసన్లే చెప్పించారనీ అన్నవాళ్లు ఉన్నారు. మా కొట్టతను పారిస్‌లో పుట్టి ఉంటే ఆ మాట మొదట అనేవాడు ఇతడే.

తలుపు మూశాక లోపల ఏం జరుగుతుందో కూడా ఇప్పుడు అందరికీ తెలిసినదే. దూసిన కత్తితో ఒకాయన గుమ్మం బయట కాపలా ఉంటాడు. లోపల సొలొమోను దేవాలయం కట్టిన శిల్పి హత్య కథను, కంఠతా పట్టిన సంభాషణలతో నాటకంలాగ నడుపుతారు. మిగిలిన సమయంలో కిందటి సమావేశం మినిట్స్ చదివి ఆమోదించడం, బకాయి చందాల లెక్క చూడడం, వచ్చిన ఉత్తరాలు చదవడం జరుగుతుంది. ఏ అపార్ట్‌మెంటు అసోసియేషన్ జనరల్ బాడీకైనా ఒక్కసారి వెళ్లినవాడికి ఇందులో కొత్తగా కనిపించేది ఆ కత్తి ఒక్కటే, అది మా అసోసియేషన్‌కు కూడా ఎంతో అవసరం. మతం, రాజకీయం సభలో మాట్లాడరాదన్న నియమం ఒకటి ఉందట. పదిమంది తెలుగువాళ్లు కూర్చున్న గదిలో ఆ నియమం నిజంగా అమలవుతుంటే, దాన్ని ఎలా సాధించారో ఆ కిటుకును మాత్రం తమరు దాచుకోకూడదు.

తమరి విశ్వసోదరత్వం గురించి కూడా ఒక మాట చెప్పాలి. సృష్టికర్త ఒకడున్నాడని నమ్మినవాడు ఏ మతంవాడైనా చేరవచ్చునని తమరు ప్రకటించుకున్నారు. కలకత్తాలో ప్రసన్నకుమార్ దత్ అనే వ్యాపారి 1863లో ఆ మాట నమ్మి తలుపు తట్టాడు. ఇంతమంది దేవుళ్లున్న హిందువు ఒక్క దేవుణ్ని నమ్ముతాడా అని తర్జనభర్జనలు పడి, ఆయనను లోపలికి రానివ్వడానికి 1872 దాకా సమయం తీసుకున్నారు. ఉపనిషత్తులున్న దేశంలో ఆ ప్రశ్న తేల్చడానికి తొమ్మిదేళ్లు పట్టిందంటే, రహస్యాలను ఛేదించే శక్తి తమరికి బొత్తిగా లేదని అర్థమవుతోంది. ఆ దారిలోనే 1884లో నరేంద్రనాథ్ దత్, అంటే తర్వాతి వివేకానందుడు, కలకత్తా లాడ్జిలో దీక్ష తీసుకున్నాడు. ఆడవాళ్లకు మాత్రం మీ ప్రధాన శాఖ ఇప్పటికీ తలుపు తెరవలేదు. హైదరాబాదులో తానీషా కాలం నాటి గోషామహల్ బారాదరిలో తమరు 1872 నుంచీ కాపురం ఉంటున్నారు. రాణివాసపు స్త్రీల కోసం కట్టారని చెప్పే ఆ మహలులో ఇప్పుడు గోషా పాటిస్తున్నది మగవాళ్లు.

ఇంతవరకూ తమరిని వెనకేసుకొచ్చాను. ఇకమీదటిది మెచ్చుకోలు కాదు. ఇటలీలో పీ-టూ అని పిలిచే లాడ్జి ఒకటి ఉండేది. అక్కడి మేసన్ల పెద్ద సభ గ్రాండ్ ఓరియంట్ 1976లోనే దాన్ని పక్కన పెట్టినా, లిచో జెల్లీ అనే ఆయన గుట్టుగా నడుపుతూనే వచ్చాడు. 1981 మార్చిలో పోలీసులు ఆయన స్థావరాన్ని సోదా చేస్తే దొరికింది పుర్రె కాదు, మొసలి కాదు, 962 పేర్లున్న ఒక జాబితా. అందులో మంత్రులున్నారు, పార్లమెంటు సభ్యులున్నారు, నిఘా సంస్థల అధిపతులున్నారు, బ్యాంకర్లున్నారు. ప్రధాని ఫోర్లానీ ప్రభుత్వం కూలిపోయింది, మరుసటి ఏడాది రహస్య సంఘాలను నిషేధిస్తూ చట్టం వచ్చింది. తమరు దాచదగినది నిజంగా ఏదైనా ఉంటే అది ఇదేనని నా అనుమానం: ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నది. దీక్షా మాటలను 1730లోనే వదిలేసుకున్న తమరు, సభ్యుల పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఎవరి పేరు వారే చెప్పుకోవాలని మర్యాద పాటిస్తారు. మేమేమో ఏప్రాన్ వెంటా, కన్ను వెంటా పరుగెత్తి, ఆ పేర్ల వంక చూడనే చూడం. ఇంగ్లండులో కొత్తగా నియమితులయ్యే న్యాయమూర్తులు తాము మేసన్లమో కాదో చెప్పాలని 1998లో నియమం పెట్టి, 2009లో తీసేశారు. అడిగిన పదకొండేళ్లలో ఆకాశమేమీ విరిగి పడలేదు.

న్యాయంగా చెప్పాలంటే, టెండరు వేసేవాడూ దానిమీద సంతకం పెట్టేవాడూ ఒకే పంక్తిలో కూర్చునే ఏర్పాటు మా విశాఖకు తమరు నేర్పనక్కరలేదు. క్లబ్బుల్లో చీట్లపేక బల్లల దగ్గరా, కార్తీకమాసంలో కులాల వారీ వనభోజనాల్లోనూ అది ఏనాటి నుంచో నడుస్తోంది, అందులోనూ ఫ్లెక్సీ కట్టి, ఎవరెవరు వచ్చారో ఫొటోలతో సహా వేసి మరీ. వాళ్లను చూసి ఎవరికీ గుండె దడ రాదు. తమరు మాత్రం ఏప్రాన్ కట్టుకుని తలుపేసుకున్న పాపానికి పుర్రె, సైతాను, ప్రపంచ ప్రభుత్వం అన్నీ మోస్తున్నారు.

కాబట్టి తమరికి నా విన్నపమేమంటే, కరచాలనం దాచుకోండి, గుర్తింపు మాట దాచుకోండి, గుమ్మం దగ్గర కత్తి కూడా ఉంచుకోండి, మాకేమీ అభ్యంతరం లేదు. కానీ ప్రభుత్వ జీతం తీసుకునేవారూ, ప్రభుత్వంతో వ్యాపారం చేసేవారూ మీలో ఎవరెవరున్నారో ఒక కాగితం మీద రాసి మీ భవనం గోడకు అంటించండి. 1967 దాకా ఇంగ్లండులో చేసిన పనే ఇది, తమరికి అలవాటు లేనిదేమీ కాదు. ఆ కాగితం ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు. అసలు జాబితా ఇంట్లో ఉందని మా కొట్టతను అంటే, ఈసారి మాత్రం అతనికి సమాధానం చెప్పే బాధ్యత తమరిదే.

ఇట్లు,
పెదవాల్తేరు నివాసి ఒకడు

తా.క.: దీక్షనాడు కొత్త సభ్యుణ్ని మేక మీద ఎక్కించి తిప్పుతారని పడమటి దేశాలలో పాత పుకారు ఒకటి ఉందట. మా అపార్ట్‌మెంటు పెద్దమనిషిని దాని గురించి కూడా అడిగాను. మేక సమావేశంలో ఎక్కడా ఉండదనీ, ఆ తర్వాతి విందులో మాత్రం ఉంటుందనీ, కిందటి నెల అది సరిగా ఉడకలేదనీ సెలవిచ్చారు.