మూలలన్నీ అలమరలకేనా?

కొత్త ఫ్లాటులో గృహప్రవేశం కాకముందే ఇంటీరియర్ వాళ్లు టేపు పట్టుకుని దిగడం ఇప్పుడు మామూలైపోయింది. తలుపు వెనక సందులో షూ ర్యాక్, పిల్లరు పక్కన మిగిలిన జానెడు చోటులో నిలువు అర, పడక గదులకు వెళ్లే దారి మీద అటక, డ్యూప్లెక్స్ అయితే మెట్ల కింద మరో అలమర. ఖాళీ కనిపిస్తే చాలు, దానికో తలుపు బిగించి లామినేట్ అంటించడమే వారి సూత్రం. నా దృష్టిలో ఈ సూత్రం మొదట్లోనే తప్పింది. ఇరుకు మూలలను సామాన్లకు అప్పగించే ముందు, ఇంట్లో రోజూ జరిగే ఏ పనికి చోటు లేదో చూడాలి.

ఈ మూలలు ఎలా పుడతాయో ఫ్లాటు కొన్నవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. లోపలి గోడ నాలుగున్నర అంగుళాలు, పిల్లరు తొమ్మిది అంగుళాలు లేదా అంతకు మించి. ఆ తేడా ఏదో ఒక గదిలోకి పొడుచుకొస్తుంది. బీరువా పిల్లరుకు ఆనుతుంది గాని గోడకు ఆనదు. వెనక మిగిలిన సందులోకి చీపురు దూరదు, బొద్దింక దూరుతుంది. వంటగది ఆగ్నేయంలో, పెద్ద పడక గది నైరుతిలో అని వాస్తు ముందే ఖాయం చేశాక, మిగిలిన గదులను వాటితో కలపడానికి పొడవాటి ఇరుకు దారి వచ్చిపడుతుంది.

చోటు ఎంత ఉందన్న దానికన్నా ఎంత లోతుగా ఉందన్నది ముఖ్యం. హ్యాంగరుకు దుస్తులు తగిలించాలంటే అలమరకు దాదాపు రెండడుగుల లోతు కావాలి. పుస్తకాలకు అడుగు చాలు, పప్పుల డబ్బాలకూ పచ్చడి జాడీలకూ ఇంకా తక్కువైనా సరిపోతుంది. అయినా అన్నింటికీ ఒకే రెండడుగుల పెట్టె చేయిస్తున్నాం. ముందు వరుస డబ్బాలు కళ్లకు కనబడతాయి, వెనక వరుసలో ఏముందో సంక్రాంతికి ఇల్లు దులిపే రోజున తెలుస్తుంది. పాత పెంకుటిళ్ల మట్టిగోడల్లో గూళ్లు గోడ మందంలోనే ఒదిగి ఉండేవి. దీపమైనా చెంబైనా పంచాంగమైనా వెతుక్కోకుండా చేతికందేవి.

వంటగట్టు మలుపు తిరిగే చోటు సంగతి మరీ విచిత్రం. గట్టు కింద ఆ మూలలో రెండడుగుల చదరం ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని భుజం దాకా చెయ్యి పెడితే తప్ప చివర ఉన్న గిన్నె అందదు. దీనికి పరిష్కారంగా తిరిగే అరలు, బయటికి లాగే స్టీలు బుట్టలు మంచి ధరకు అమ్ముతున్నారు. మన వంటల జిడ్డుకు, నేల కడిగిన తడికి వాటి పట్టాలు ఎన్నాళ్లు సాఫీగా జరుగుతాయో వాడినవారినే అడగాలి. ఆ మూలను, దాని పక్క గడిని అరలూ తలుపులూ లేకుండా వదిలేసి, పాతిక కిలోల బియ్యం డబ్బాను చక్రాల పలక మీద పెట్టి లోపలికి తోస్తే చాలు. ఖర్చు ఒక పలక, నాలుగు చక్రాలు.

ఇక పనుల సంగతి. గుమ్మం పక్కన అడుగున్నర చోటుంటే దాన్ని పైదాకా చెప్పుల అరలతో నింపేస్తున్నాం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మాత్రం గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి బూట్లు తొడుక్కుంటున్నారు. అక్కడ కూర్చునే ఎత్తులో ఒక బల్ల వేసి, చెప్పులు దాని కిందికి నెడితే ఆ చోటు పనికొచ్చినట్టు. ఇస్త్రీ మంచం మీద జరుగుతోంది, పిల్లల హోంవర్కు భోజనాల బల్ల మీద గిన్నెల మధ్య సాగుతోంది. దారి గోడకు ఒక మడత బల్ల బిగిస్తే, అవసరమైన గంటసేపు దించుకుని మళ్లీ గోడకు చేర్చవచ్చు. ఇన్ని అలమరలున్న ఇంట్లో వానాకాలం తడి బట్టలు కుర్చీల వీపుల మీద ఆరడం వింతగా లేదా?

మరి సామాన్లు ఎక్కడ పెట్టాలని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. అమెరికా నుంచి వచ్చిన పిల్లలు వదిలివెళ్లిన సూట్‌కేసులు, బొమ్మల కొలువు పెట్టెలు, అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి గుండిగలు పారేయలేం. ఏడాదికోసారి దించే వస్తువులకు అటకే సరైన చోటు, దాన్ని నేను కాదనను. నిచ్చెన అక్కర్లేని ఎత్తులో, చేయి చాపితే అందే చోటును కూడా వాటికే ధారపోయడంతోనే నా పేచీ.

అసలు తగువు ఇంటీరియర్ వాళ్లతో కన్నా ప్లానుతో ఉంది. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కార్పెట్ ఏరియాకు, అంటే ఫ్లాటు లోపల వాడుకోదగ్గ నేల విస్తీర్ణానికి, నిర్వచనం ఇచ్చి కొనుగోలుదారుకు మేలు చేసింది. బయటి గోడలు, పైపులు వెళ్లే సర్వీస్ షాఫ్టులు, బాల్కనీ అందులోకి రావు. లోపలి అడ్డుగోడలు వస్తాయి. అయితే ఆ లెక్క విస్తీర్ణాన్ని కొలుస్తుంది గాని వాడకాన్ని కొలవదు. మూడడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవున్న దారి కూడా కార్పెట్ ఏరియాయే. చదరపు అడుగు ఆరు వేలనుకుంటే నడవడానికి తప్ప మరెందుకూ పనికిరాని ఆ 45 చదరపు అడుగులకు 2,70,000 రూపాయలు కడుతున్నాం. 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళి వంటగదికి నిర్దేశించిన కనీస వెడల్పు 1.8 మీటర్లు. రెండు వైపులా రెండడుగుల గట్టు వేస్తే మధ్యలో మిగిలేది మరో రెండడుగులే. అక్కడ ఒకరు పొయ్యి దగ్గర నిలబడితే ఇంకొకరు ఫ్రిజ్ తలుపు తెరవలేరు. నియమం పాటించినట్టే ఉంటుంది, రోజూ రెండు పూటలా ఇబ్బంది పడేది ఆ ఇంటి ఆడవాళ్లు.

అందుకే బుకింగ్ సమయంలోనే మంచం, బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ అసలు కొలతలతో గీసి, ప్రతి తలుపూ ఎటు తెరుచుకుంటుందో చూపించే ప్లాను అడగాలి. పడక గది తలుపు సాధారణంగా గోడ మూలకు జానెడు దూరంలోనే పెడతారు. తెరిస్తే ఆ పక్క గోడంతా తలుపు వెనక చిక్కుకుపోతుంది. అదే తలుపును మూల నుంచి రెండడుగులు జరిపితే ఆ గోడ పొడవునా దుస్తుల అలమర పడుతుంది. ఇటుకలు పేర్చకముందు ఈ మార్పుకు బిల్డరుకు అయ్యే అదనపు ఖర్చు దాదాపు సున్నా.