తమరి పుస్తకంలో లేని ఉత్తరం

గౌరవనీయులైన ఈమెయిల్ లాగ్ గారికి,

పలాస-కాశీబుగ్గ నుంచి జీడిపప్పు వెబ్‌సైట్ చూసుకునే కుర్రాడు రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మా సైట్ నుంచి వెళ్లే మెయిళ్లను వరసగా రాసిపెట్టే తమరూ క్షేమమే అయ్యుంటారు. ఏ మెయిలు ఏ గంగలో కలిసినా తమరి వరసల పక్కన పచ్చ టిక్కులు నిగనిగలాడుతూనే ఉంటాయి కదా!

సంగతేమిటంటే, హైదరాబాద్ నుంచి ఒకావిడ రెండు కిలోల గుండు పప్పు ఆర్డరు పెట్టారు. డబ్బు పడింది. 15వ తేదీ మెయిళ్లు చూపించమంటే తమరి దగ్గర ఆవిడ పేరే లేదు. షాపు మామయ్య నా భుజం మీంచి తొంగిచూసి, "ఏటి బావూ, ఇందులో లేదంటే మనం పంపనట్టే కదా? మళ్లీ పంపీ" అన్నాడు. పంపాం. రెండోసారి డబ్బులు కోశారా ఏమిటని ఆవిడ ఫోను. మొదటి మెయిలు ఆవిడకు ఎప్పుడో అందిందట!

మామయ్యను తప్పుపట్టలేను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం జీడి, కొబ్బరి తోటల్ని పడగొట్టాక, పరిహారం జాబితాలో పేరెక్కితేనే చెట్టు కూలినట్టు లెక్క అని ఇక్కడివాళ్లకు బాగా తెలిసొచ్చింది. కళ్లముందు పడున్న మాను కన్నా కాగితం మీది వరసకే విలువెక్కువ. తమరూ ఆ ధీమాతోనే ఉన్నట్టున్నారు.

ఇంతకీ ఆవిడ ఆర్డరు పెట్టింది 15వ తేదీ అర్ధరాత్రి దాటాక, 12:40కి. తమరేమో యూటీసీలో, అంటే గ్రీనిచ్ లెక్కన ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో, రాసుకుంటారు. ఐదున్నర గంటలు వెనక్కి జరిపి, 14 సాయంత్రం 7:10 కింద పడేశారు. పలాసలో ఉద్యోగం చేస్తూ గ్రీనిచ్ గడియారం కట్టుకు తిరిగే దర్జా తమరికే చెల్లింది.

మిగతా మాయలు ఇంకో రకం. వెళ్లే ప్రతి మెయిలూ రాస్తారని తమరికి పేరు. తీరా చూస్తే తమరు కాపలా కాసేది మా సైట్‌ను నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ వారి డబ్ల్యూపీ మెయిల్ అనే దారి ఒక్కదాన్నే. మా పాత కాంటాక్ట్ ఫారమ్ ఆ దారి తొక్కకుండా సర్వర్‌లోని పీహెచ్‌పీ మెయిల్‌ను నేరుగా పిలుస్తుంది, పండగ ఆఫర్ల ప్లగిన్ (సైట్‌కు తగిలించిన అదనపు ప్రోగ్రాం) మెయిల్ సర్వీసుతో నేరుగా మాట్లాడే సొంత ఏపీఐతో పంపుకుంటుంది. అవి తమరి ముందు నుంచే వెళ్లవు, తమరూ అడగరు. కొన్ని మెయిళ్లయితే అసలు బయల్దేరనే లేదు. పనుల్ని వేళకు నడపాల్సిన వర్డ్‌ప్రెస్ క్రాన్‌కు సొంత గడియారం లేదు, ఎవరో ఒకరు సైట్ తెరిస్తేనే అది కదులుతుంది. రాత్రంతా మా సైట్ మొహం చూసే నాథుడు లేకపోతే, క్యూలో ఉన్న మెయిళ్లు తెల్లారేదాకా అక్కడే. ఇక నెల దాటిన వరసల్ని చడీచప్పుడు లేకుండా చెరిపేసే సెట్టింగ్ ఒకటి. దాన్ని ఆన్‌లోనే పెట్టుకుని కూర్చున్నారు తమరు.

రాసినవైనా నమ్ముదామా అంటే, ఆ పచ్చ టిక్కు అర్థం వేరు. అవతలి సర్వర్ 250 అంటే, "సరే, తీసుకున్నాను" అన్నట్టు. ఆ తర్వాత అది స్పామ్‌లో పడిందా, మా పేరు మీద మెయిలు ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డు సరిగా లేదని మూలన పడేశారా, తమరికి అనవసరం. అప్పగించగానే చేతులు దులిపేసుకుంటారు.

అందుకని ఇకపై అనుమానం వస్తే ప్రతి మెయిలుకీ విడిగా ఉండే మెసేజ్ ఐడీ పట్టుకుని మెయిల్ సర్వీసువాళ్ల లాగ్‌నే అడుగుతాం. క్రాన్‌ను సర్వర్ మీదికి మార్చేశాం, ఐదు నిమిషాలకోసారి సర్వరే దాన్ని లేపుతుంది. తమరి ఉద్యోగానికి వచ్చిన ఢోకా ఏమీ లేదు, టెన్షన్ పడకండి.

మామయ్య మాత్రం ఎర్ర అట్ట చిట్టా పుస్తకం ఒకటి కొన్నాడు. ఆర్డరు పడగానే ఫోన్ చేసి, "మెయిలొచ్చిందా అమ్మా?" అని అడిగి, "వచ్చింది" అన్నాకే టిక్కు పెడుతున్నాడు. వీలుంటే ఒకసారి వచ్చి ఆయన దగ్గర పని నేర్చుకోగలరు.

ఇట్లు,
తమరి పాస్‌వర్డ్ ఇంకా గుర్తున్నవాడు