డిక్కీలో అలిగి కూర్చున్న ఆంప్లిఫైయర్‌కి బహిరంగ లేఖ

ఒరేయ్ ఆంప్లిఫైయరూ,

బాగున్నావా అని అడగను, నీ మూతి మీద ఎర్ర లైటు చూస్తేనే తెలుస్తోంది. చిన్న వాల్యూమ్‌లో వార్తలు పెడితే పచ్చ లైటేసుకుని గంటలు గంటలు బుద్ధిమంతుడిలా కూర్చుంటావు, అదే పాటలో బీట్ పడే చోటు వచ్చిందా, ధన్... అంతే, బీట్ కొట్టే పెద్ద స్పీకర్, అదే మన సబ్ వూఫర్, ముద్దుగా సబ్, గప్‌చుప్, రెండు సెకన్లాగి మళ్లీ ధన్, మళ్లీ గప్‌చుప్. వెనక సీట్లో వాళ్లు "పాట అయిపోయిందా?" అని అడుగుతుంటే ఏం చెప్పమంటావ్, లేదండీ మావాడు ఒంటికేమీ కాకూడదని తనంతట తానే ఆగిపోయే ప్రొటెక్ట్ మోడ్‌లోకి వెళ్లాడు, అలక తీరాక వస్తాడు అని చెప్పాలా?

పైగా ఒంటి నిండా పెద్ద అక్షరాలతో 2000 వాట్స్ అని రాసుకున్నావు. పక్కనే నీ ఫ్యూజ్ చూస్తే 40 ఆంపియర్లు. ఇంజిన్ ఆన్‌లో ఉండి 14 వోల్టులు వచ్చాయనుకున్నా 40 ఇంటూ 14, 560 వాట్లు లోపలికెళ్తాయి, వేడికి పోయేది పోగా 450 బయటికొస్తే గొప్ప. మిగతా 1550 మీ తాత పంపిస్తాడా? పేరు గొప్ప ఊరు దిబ్బ.

సరే, నువ్వు ఆగిపోయిన ప్రతిసారీ నేను ఎవరెవర్ని అనుమానించానో విను, నీకు సిగ్గేస్తుందేమో చూద్దాం. ముందు వేడెక్కావేమో అని చెయ్యి పెట్టి చూశా, కుండలో నీళ్లంత చల్లగా ఉన్నావు. తర్వాత అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు సబ్ మీద పడ్డా, పాపం దాని వైర్లు పీకి మీటర్ పెడితే 1.8 చూపించింది, 2 ఓమ్ సబ్‌కి మీటర్లో అంతే వస్తుంది, కాయిల్ నిక్షేపంలా ఉంది, వైరు ఎక్కడా బాడీకి తగల్లేదు. స్టీరియోని తిట్టుకుని, పాట సిగ్నల్ నీకు మోసుకొచ్చే ఆర్‌సీఏ కేబుల్ ఫోన్‌కి తగిలించా, అప్పుడూ అదే వరస. స్టీరియో నుంచి వచ్చే నిన్ను ఆన్ చేసే నీలం రంగు రిమోట్ వైరు మధ్యలో పోతోందేమో అని దాని మీద మీటర్ పెట్టి కూర్చున్నా, నువ్వు చచ్చినట్టు పడున్నప్పుడు కూడా అది 12 చూపిస్తూనే ఉంది. అంటే నిన్ను ఎవరూ ఆపట్లేదు, నువ్వే ఆగుతున్నావు.

ఆఖరికి విసుగొచ్చి ఇంజిన్ ఆన్ చేసి 40 హెర్ట్జ్ టోన్ (ఆగకుండా ఒకేలా మోగే లోతైన బేస్ శబ్దం) పెట్టి, ఒక చేత్తో ఫోన్ టార్చ్, ఇంకో చేత్తో మీటర్, డిక్కీలో సగం నేను సగం స్టెప్నీ. బ్యాటరీ దగ్గర 13.7 ఉంది. నీ దగ్గరికొచ్చేసరికి 9.8. దార్లో దాదాపు 4 వోల్టులు ఎవడో మింగేశాడు! ప్లస్ వైరు ఆ చివర నుంచి ఈ చివరకి కొలిస్తే 0.3, సరే వాడు కాదు. నీ నెగటివ్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి ఒక పొడవాటి వైరు లాగి కొలిస్తే 3.6. దొరికాడు దొంగ, బాడీ ఎర్త్, అంటే నీ నెగటివ్ వైరుని కారు ఇనుప బాడీకి బిగించిన చోటు!

చిత్రమేంటంటే వారం ముందు ఇదే ఎర్త్‌ని మీటర్ ఓమ్స్‌లో పెట్టి చూసి "పర్ఫెక్ట్" అనుకున్నా. కాదు మరి, అక్కడున్నది 0.09 ఓమ్, మీటర్ వైర్లకే అంతకంటే ఎక్కువుంటుంది, దానికేం కనపడుద్ది? కానీ నువ్వు 40 ఆంపియర్లు లాగినప్పుడు ఆ 0.09 కాస్తా 3.6 వోల్టులు తినేస్తుంది. వార్తలప్పుడు నువ్వు లాగేది చిటికెడు, అందుకే అప్పుడు తేడా తెలీలేదు. వోల్టేజ్ 10 కిందికి దిగితే నీలాంటోళ్లు చాలామంది కళ్లు మూసేసుకుంటారట, అది నాకు ముందే చెప్పొచ్చుగా, ఒక్క ఎర్ర లైటుతో వంద రోగాలకి సైగ చేస్తే ఎవడికి అర్థమవుద్ది?

బోల్ట్ విప్పితే కింద నిగనిగలాడే పెయింటు. ఆ పెయింటు మీదే రింగు పెట్టి, అబ్బ ఎంత నీట్‌గా బిగించాడో అని చూస్తుంటే గుర్తొచ్చింది, బిగించింది నేనే. ఆ రోజు ఫోటో కూడా తీసుకున్నా. ఈ పేరా నువ్వు మళ్లీ చదవక్కర్లేదు.

ఎమరీ పేపర్‌తో ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, స్టార్ వాషర్ వేసి బిగించి, పైన కాస్త వ్యాజిలిన్ రాశా. ఇప్పుడు అదే టోన్‌కి నీ దగ్గర 13.2. గెయిన్, అంటే వచ్చే సిగ్నల్ని నువ్వెంత పెంచాలో చెప్పే నాబ్, అది కూడా వెనక్కి తిప్పా, ఇన్నాళ్లూ దాన్ని వాల్యూమ్ నాబ్ అనుకుని ఫుల్లుగా తిప్పి పెట్టిన మాట నిజమే, దాని గురించి సబ్‌తో మాట్లాడుకుంటాలే, కాయిల్ కాలే వాసన ఒకట్రెండుసార్లు వచ్చింది, అది నువ్వు మధ్యలో తలదూర్చాల్సిన విషయం కాదు.

నిన్న ఆ పాట మొదట్నుంచి చివరిదాకా ఆపకుండా కొట్టావు. కాకపోతే నీ పుణ్యమా అని వెనక నంబర్ ప్లేటు గడగడలాడుతోంది, వెనక సీట్లో వాళ్లు ఇప్పుడు "పాట ఎప్పుడైపోతుంది?" అని అడుగుతున్నారు.

ఇట్లు,
నడుం పట్టేసి ఇంకా నిటారుగా నిలబడలేకపోతున్న నీ ఓనర్