ఐదు రోజుల చీటీ ఐదేళ్లు నడవకూడదు

వంద మిల్లీగ్రాములు దాటిన నిమెసులైడ్ అనే నొప్పి మాత్రలను కేంద్రం 2025 డిసెంబర్ చివర్లో నిషేధించింది. మంచి పనే. కాలేయం దెబ్బతింటుందన్న భయంతో పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఆ మందును 2011లోనే ఆపేశారు. అంతకుముందు 2004లో గుండెపోటు ముప్పు బయటపడి రోఫెకాక్సిబ్ అనే మరో నొప్పి మందును కంపెనీయే ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది, మన దేశమూ నిషేధించింది. ప్రతిసారీ ఒక పేరు పోతుంది, మెడికల్ షాపులో అదే అరలోకి ఇంకో పేరు వస్తుంది. కౌంటర్ దగ్గర జరిగే తంతు మాత్రం మారదు. నిషేధాల మీద చూపిస్తున్న శ్రద్ధలో సగం ఆ కౌంటర్ మీద పెడితే చాలా కిడ్నీలు మిగులుతాయని నా నమ్మకం.

అక్కడ ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. మోకాళ్ల నొప్పులని వెళ్తే డాక్టర్ ఐదు రోజులకు ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్ళ రాస్తారు. తగ్గుతుంది. రెండు నెలలకు మళ్లీ పట్టుకుంటే డాక్టర్ దాకా ఎవరూ వెళ్లరు. పాత చీటీ తీస్తారు, అది లేకపోతే ఖాళీ స్ట్రిప్ చూపిస్తారు, అదీ లేకపోతే "మొన్న ఇచ్చారు కదా, ఆ నొప్పుల బిళ్ళ" అంటారు. షాపతను నాలుగు బిళ్ళలు కత్తిరించి కాగితం కవర్లో వేసి ఇస్తాడు. మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. తర్వాతెప్పుడో కాళ్లు వాచి, మూత్రం తగ్గి ఆసుపత్రికి వెళ్తే "ఏం మందులు వాడారు?" అని అడుగుతారు. "నొప్పుల గోలీలు" తప్ప చెప్పడానికి ఇంకేమీ ఉండదు.

దీన్ని ఆపడానికి కొత్త చట్టం అక్కర్లేదు. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో 65వ నిబంధన ఉంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి షెడ్యూల్ హెచ్ మందులను చీటీ లేకుండా అమ్మకూడదన్న సంగతి కొంతమందికైనా తెలుసు. ఆ తర్వాతి భాగం మాత్రం దాదాపు ఎవరికీ తెలియదు. ఒక చీటీ మీద మందు ఒక్కసారే ఇవ్వాలి. మళ్లీ ఇవ్వవచ్చని డాక్టర్ రాస్తే తప్ప రెండోసారి ఇవ్వకూడదు. ఇన్నిసార్లు ఇవ్వవచ్చని రాస్తే అన్నిసార్లే. ఇచ్చిన ప్రతిసారీ షాపు పేరు, చిరునామా, తేదీ ఆ చీటీ మీదే వేయాలి. ఎనభై ఏళ్ల కిందటి ఈ ఒక్క వాక్యం అమలైతే ఐదు రోజుల చీటీ ఐదేళ్లు నడవదు. మీ ఇంట్లో ఉన్న చీటీలు ఒకసారి తీసి చూడండి, ఎన్నింటి మీద షాపు ముద్ర ఉందో.

నొప్పి బిళ్ళకు ఇంత కట్టడి ఎందుకంటే, ఈ మందుల హాని నొప్పి లేకుండా వస్తుంది. 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో కనిపెట్టి తర్వాత నోబెల్ అందుకున్నాడు. ఒంట్లో తయారై వాపును, నొప్పిని పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను ఆస్పిరిన్‌తో పాటు ఈ నొప్పి మందులన్నీ తయారు కాకుండా అడ్డుకుంటాయి. ఇబ్బందేమిటంటే ఆ ప్రోస్టాగ్లాండిన్లే కడుపు లోపలి పొరను కాపాడతాయి, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచుతాయి. మోకాలికి పనిచేసే మందు కిడ్నీని వదిలిపెట్టదు.

ఇప్పుడు మన ఇళ్లలోని పెద్దవాళ్లను చూడండి. బీపీకి టెల్మిసార్టన్, దానితో కలిపి మూత్రం ఎక్కువ పోయే మందు, రెండూ ఒకే బిళ్ళలో వేసుకునేవాళ్లు లెక్కలేనంతమంది. ఆ బీపీ మందు కిడ్నీ జల్లెడలో ఒత్తిడిని తగ్గిస్తుంది, రెండోది ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. ఈ రెండింటి మీద నొప్పి బిళ్ళ పడితే కిడ్నీకి వచ్చే రక్తం కూడా తగ్గిపోతుంది. మూడు కలిసినప్పుడు కిడ్నీ అకస్మాత్తుగా దెబ్బతినవచ్చని వైద్య పుస్తకాలన్నీ హెచ్చరిస్తాయి. కౌంటర్ దగ్గర "బీపీ మందు వాడుతున్నారా?" అని అడిగేవాళ్లేరీ? రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, అల్సర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఐదో నెల దాటిన గర్భిణులు కూడా డాక్టర్‌ను అడగకుండా వీటి జోలికి పోకూడదు. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో అసలే వద్దు.

చాలామంది గ్యాస్ బిళ్ళను నమ్ముకుంటారు. "దానితో కలిపే వేసుకుంటున్నాను, ఏమీ కాదు" అంటారు. పాంటొప్రజోల్, రాబెప్రజోల్ కడుపుకు చాలావరకు రక్షణే. కిడ్నీకి, గుండెకు వాటితో ఒరిగేదేమీ లేదు. పైగా కడుపులో మంట లేకపోవడంతో మందు పడిందనుకుని నెలల తరబడి కొనసాగిస్తారు. ఇంజెక్షన్ అయితే కడుపుకు ఇబ్బంది లేదన్నదీ భ్రమే. సూదితో ఎక్కినా మందు రక్తంలో కలిసే పనిచేస్తుంది.

చీటీ ఉంటేనే అమ్మాలంటే పేదవాళ్ల గతేమిటని అడుగుతారు. డాక్టర్ ఫీజు, బస్సు ఛార్జీ, పోయిన రోజు కూలి, అన్నీ నిజమే. కానీ మామూలు నొప్పికి మొదట వాడదగ్గ పారాసెటమాల్‌కు ఇంత కట్టడి లేదు, మోతాదు దాటకుండా ఉంటే చాలు. మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ రాసుకుంటే రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. అంతకు మించి మందు కావాల్సిన మనిషికి బీపీ చూడటం, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించడం ఆ మనిషి కోసమే. ఎన్నిసార్లు కొనవచ్చో డాక్టర్ చీటీలో రాస్తే ప్రతిసారీ తిరిగే పని కూడా ఉండదు.

నిషేధం ఒక్కటే చాలదనడానికి రాబందులు సాక్ష్యం. డైక్లోఫెనాక్ ఎక్కించిన పశువుల కళేబరాలు తిని, కిడ్నీలు పాడై అవి గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు చేరుతూనే వచ్చాయి. చివరికి 2015లో మనుషుల ఇంజెక్షన్ సీసా మూడు మిల్లీలీటర్లు దాటకూడదని నిబంధన తేవాల్సి వచ్చింది. అమ్మే చోట కన్నం ఉంటే పైన ఎన్ని ఉత్తర్వులు ఇచ్చినా ఇంతే.

అయితే అమ్మకం గురించి మాట్లాడి కొనేవాళ్ల గురించి మాట్లాడకపోతే సగమే చెప్పినట్టు. గుంటూరు, ఖమ్మం మిర్చి తోటల్లో కోతకు వెళ్లే ఆడవాళ్లు పొద్దంతా నడుం వంచి ఉంటారు. నొప్పి వచ్చాక వేసుకోవడం కాదు, పొద్దున్నే పనికి బయల్దేరేముందే బిళ్ళ వేసుకునేవాళ్లున్నారు. లేకపోతే సాయంత్రం దాకా ఒళ్లు లేవదు. మాగాణిలో నాట్లు వేసేవాళ్లకీ, ఇటుక బట్టీల్లో చేసేవాళ్లకీ అంతే. పైగా పని చోట మరుగు ఉండదు కాబట్టి ఆడవాళ్లు నీళ్లే తాగరు. ఎండ, చెమట, తాగని నీళ్లు, పరగడుపున వేసుకున్న బిళ్ళ, అన్నీ ఒకే రోజు ఒకే ఒంట్లో కలుస్తాయి. వారం రోజులు నడుం వాల్చాల్సిన మనిషి మర్నాడే మళ్లీ వంగుతోందంటే, ఆ విశ్రాంతికి కూలి ఇచ్చేవాళ్లు లేకనే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం నొప్పి బిళ్ళలేనని ఎవరూ తేల్చలేదు, నేనూ అనడం లేదు. కానీ కొబ్బరి, జీడి తోటల్లో ఎండకు పనిచేస్తూ, కిడ్నీ అప్పటికే కొంత దెబ్బతిని ఆ సంగతి తెలియని మనిషికి నొప్పి బిళ్ళ ఎంత చేటో వేరే చెప్పక్కర్లేదు. అక్కడ శుద్ధి చేసిన నీళ్లు ఇచ్చారు, పలాసలో ఆసుపత్రి కట్టారు. ఆ మండలాల్లో ప్రతి మెడికల్ షాపులో, ప్రతి ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి మందులు ఎలా చేతులు మారుతున్నాయో కూడా అంతే శ్రద్ధగా చూడాలి.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు నకిలీ మందుల కోసం సోదాలు చేస్తున్నారు, చేయాలి. అదే సోదాలో నొప్పి మందుల బిల్లులు అడగాలి, చీటీల మీద ముద్ర వేస్తున్నారో లేదో చూడాలి, పేరు లేని ముక్కలు కవర్లో వేసి ఇచ్చే షాపు లైసెన్స్ మీద చర్య తీసుకోవాలి. కార్మిక శాఖకూ ఇందులో పని ఉంది. పని చోట తాగునీళ్లు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో రాశారు. మరుగుదొడ్డిని ఆ జాబితాలో చేర్చలేదు. రైతు పొలంలో కూలికి వెళ్లేవాళ్లకైతే ఆ జాబితా కూడా వర్తించలేదు. వచ్చే మిర్చి కోతలలోపు, కనీసం పెద్ద తోటలున్న మండలాల్లోనైనా, నీళ్లు, నీడ, ఆడవాళ్లకు మరుగు ఏర్పాటు చేసే బాధ్యత ఎవరిదో ప్రభుత్వాలు రాతపూర్వకంగా తేల్చాలి.